గుమ్మం దగ్గర వజీహ్

అలెప్పో పాత పేటలో మర్యాదకు పోటీ పెడితే వజీహ్‌కే మొదటి బహుమతి వచ్చేది. కానీ దాన్ని అందుకునేవాడు కాదు. పక్కవాణ్ణి ముందు వేదిక ఎక్కమని బతిమాలుతూ మెట్ల దగ్గరే ఉండిపోయేవాడు. ఇది గిట్టనివాళ్లు అన్న మాట కాదు, వజీహ్ తన గురించి తానే చెప్పుకునే మాట. పాత మేడలో పెట్టిన చిన్న మ్యూజియానికి అతను కాపలాదారు. యుద్ధంలో ఆ మేడకు కిటికీలు పోయాయి, పై అంతస్తు పోయింది, అతని మర్యాద మాత్రం చెక్కుచెదరలేదు. ఇల్లు తగలబడుతుంటే మంటలకు కూడా కాఫీ ఇచ్చి కూర్చోబెడతాడని భార్య నజాహ్ అనేది.

భూకంపం వచ్చిన శీతాకాలంలో హోమ్స్ నగరం నుంచి రుదైనా అనే ఇంజనీరమ్మ వచ్చింది. బాంబులు పడ్డా, భూమి కదిలినా పాత వస్తువులను ఎలా చుట్టాలో, ఎలా మోయాలో నేర్పడం ఆమె పని. మ్యూజియంలో అందరి బెంగా ఒకదాని మీదే. అది రంగులద్దిన చెక్క పలక, పూలతీగల మధ్య పద్యం రాసి ఉంటుంది. యుద్ధమంతా ఇసుక బస్తాల చాటున బతికి బయటపడింది. ఇప్పుడు దాని వెనక గోడ బీటలిచ్చింది. తడిలేని గది ఒకటి సిద్ధమయ్యేదాకా పలక అక్కడే ఉండాలి, ఈలోగా భూమి మళ్ళీ కదిలితే మోసేవాళ్లు సిద్ధంగా ఉండాలి.

ఆ పని వజీహ్‌కీ అబూ ముంజిర్‌కీ పడింది. అబూ ముంజిర్ అరవై దాటిన వడ్రంగి, వజీహ్ తండ్రికి స్నేహితుడు. తాను మరమ్మతు చేసిన పలకను ఇంకొకరి చేతుల్లో పెట్టనని పట్టుబట్టి మరీ చేరాడు.

మొదటి అభ్యాసంలో స్ట్రెచర్ మీద పలకకు బదులు పాత తలుపు రెక్క పెట్టారు. ఈల మోగింది. ఇద్దరూ గుమ్మం దాకా చక్కగా వచ్చారు, అక్కడ ఆగిపోయారు.

"దయచేయండి బాబాయ్," అన్నాడు వజీహ్.

స్ట్రెచర్ వెనక కొస పట్టుకున్నాయన ముందు ఎలా దయచేస్తాడో అతనికి తట్టలేదు. అబూ ముంజిర్ కూడా తక్కువ తినలేదు. నువ్వే పద అని దేవుడి మీద ఒట్టు పెట్టాడు. వజీహ్ పిల్లల మీద ఒట్టు పెట్టాడు. ఒట్ల మధ్య స్ట్రెచర్‌ను తిప్పబోయి గుమ్మానికి అడ్డంగా ఇరికించారు. వాళ్ల వెనక గాజు పాత్రలతో నిలబడ్డవాళ్లంతా గోడ కూలి చచ్చిపోయినట్టేనని రుదైనా ప్రకటించింది. చచ్చినవాళ్లు పడీపడీ నవ్వారు.

"వజీహ్ గారూ, వెనకాయనకి కాళ్ల కింద ఏముందో కనబడదు. ముందున్న మీరే చెప్పాలి, అదీ పొట్టిగా చెప్పాలి," అంది రుదైనా.

పెద్దవాడికి ఆజ్ఞలివ్వడమా? తమకు ఇబ్బంది లేకపోతే, దేవుడు ఆయుష్షు పోయవలసిన తమరి కుడికాలిని, అని వజీహ్ మొదలుపెట్టాడు. వాక్యం పూర్తయ్యేలోపు అబూ ముంజిర్ గడప తన్నుకున్నాడు. ఆపైన నిప్పు ఆర్పే అభ్యాసం నాడు, అందుకోసం నింపి ఉంచిన నీళ్లతో వజీహ్ అందరికీ ఏలకుల కాఫీ కాచాడు.

చివరికి రుదైనా దయచేయండి అనే మాటనే నిషేధించింది. అన్నవాళ్లు ఇసుక బస్తా మోస్తూ ముంగిలి చుట్టూ తిరగాలి. బజారులో గాడిదలు తనను చూసి సాటివాడొచ్చాడని తలలూపుతున్నాయని వజీహ్ చెప్పుకున్నాడు. ఇంట్లో నజాహ్ కంటే ముందు గుమ్మం దాటి సాధన చేశాడు. ఆమె సాయంత్రం దాకా పలకలేదు. ఎట్టకేలకు ఆ మాట అనకుండా ఒక అభ్యాసం గట్టెక్కాడు. ఇక తనంత మొరటువాడు ఊళ్లో లేడని పేటంతా చాటుకున్నాడు.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక భూమి కదిలింది. కుదుపు ఆగగానే రుదైనా గోడను పరీక్షగా చూసింది. ఇంకాస్త నిలుస్తుంది, పలకను ఇప్పుడే తెచ్చేయాలి అంది.

దుప్పట్లు చుట్టి ఉన్న పలకను స్ట్రెచర్ మీద పెట్టి ఇద్దరూ ఎత్తారు. "ఎత్తు. పద. ఎడమకి," అన్నాడు వజీహ్. బాబాయ్ అని కూడా అనలేదు, తన గొంతు విని తానే బెదిరాడు. వెనక పెళ్లలు రాలుతున్నాయి. గుమ్మం వచ్చింది. పెద్దాయన ఆయాసం వీపు వెనక వినబడింది, వజీహ్ కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి.

"దయచేయండి బాబాయ్."

"నడవరా గాడిదా!"

స్ట్రెచర్ కొస నడుముకు తగిలింది. వజీహ్ ఒక్క ఊపున ముంగిట్లోకి వచ్చిపడ్డాడు, అతని వెంట పలక, పలక వెంట అబూ ముంజిర్. లోపల గోడ కూలింది.

దుమ్ము తగ్గాక దుప్పటి విప్పి చూశారు. ఒక్క పువ్వు కూడా చెదరలేదు. వజీహ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. గుమ్మం దగ్గర నోరు జారినందుకు క్షమించమని పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. అబూ ముంజిర్ మెట్టు మీద చతికిలబడి మోకాళ్లు పట్టుకుని ఉన్నాడు.

"ఇవాళ్టి సంగతి కాదురా. ఈ మోకాళ్లు అరిగిపోయి పదేళ్లయింది. నీతో కలిసి ఎక్కడికెళ్లినా గుమ్మం కనబడితే నా గుండె గుభేలుమంటుంది. నువ్వు ముందు కదలవు, నేను కదిలితే నువ్వు చిన్నబుచ్చుకుంటావు. ఎన్ని తలుపుల దగ్గర నిలబెట్టావురా నన్ను."

వజీహ్‌కి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ల మర్యాదలో ఆయన కాళ్లకేసి ఒక్కసారీ చూడలేదు. కింద కూర్చుని, అనుమతైనా అడగకుండా, ఆ మోకాళ్లు పట్టడం మొదలుపెట్టాడు.