కొబ్బరినూనె తాగిన ఆర్గన్

జార్జియాలో చలి పేరుకే అంటారు గానీ, జనవరి పొద్దుల్లో కమ్మింగ్ ఊళ్ళోని మా ఇంట్లో కూడా కొబ్బరినూనె గడ్డకడుతుంది. సీసాని వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి, పాప తలకి రాద్దామని కూర్చుంటే, నూనె కరుగుతూ వదిలే ఆ తియ్యటి వాసనకి ఎవరికైనా అమ్మమ్మ గుర్తొస్తుంది. నాకు అమ్మమ్మతో పాటు ఒక ఫ్రెంచి ముసలాయనా, బీరువా అంత ఆర్గనూ గుర్తొస్తాయి.

నా చిన్నప్పుడు మేమున్న ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో మా ఎదురు తలుపు లూసియాన్ అంకుల్‌ది. సాయంత్రమైతే మెట్ల మీద ఇంగువ తాలింపు ఘాటు, పార్కింగ్ లాట్‌లో మా సైకిళ్ళ గోల, అక్టోబర్‌లో ఊడ్చిపెట్టిన ఆకుల గుట్టల్లోకి దూకి తిట్లు తినడాలు, దసరాకి ఇంటింటికీ తిరిగే పులిహోర డబ్బాలు, వీటన్నిటి మధ్యా ఆయన తలుపు సందులోంచి జాజ్ సంగీతం. ఆయన తండ్రి ఫ్రాన్స్‌లో ఓ చిన్న ఊరి చర్చిలో ఆర్గన్ వాయించేవాడట. తండ్రి పోయాక పద్నాలుగేళ్ళకే ఆ పీట ఎక్కిన ఈయన, రేడియోలో విన్న అమెరికా జాజ్‌ని ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో కలిపేసి ఉద్యోగం ఊడగొట్టుకున్నాడట. ఆ తర్వాత పారిస్‌లో నేలమాళిగ క్లబ్బులు, ముప్పయ్యేళ్ళకి అమెరికా, నలుగురు మోస్తే గానీ కదలని ఆర్గన్‌ని వ్యాన్‌లో వేసుకుని నెవార్క్‌లో, ఫిలడెల్ఫియాలో బార్లన్నీ తిరగడం. చేతులతో పాట, ఎడమ పాదంతో కింది పలకల మీద బేస్, అంటే మంద్ర స్వరాలు. పాదానికి పలక తెలియాలని బూట్లు బయటే విప్పేసి మేజోళ్ళతో కూర్చునేవాడు. అందుకే ఆరు నెలలకని వచ్చిన మా అమ్మమ్మకి ఆయనంటే గొప్ప గౌరవం.

ఆ ఆర్గన్‌కి రెండు స్విచ్‌లు. మొదటిది ఎనిమిది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకుని, లోపలి చక్రాలు వేగం అందుకున్నాక రెండోది వెయ్యాలి. లెక్కపెట్టే పని తొమ్మిదేళ్ళ నాది, అదీ తెలుగులో. అలా ఆయనకి ఎనిమిది దాకా తెలుగు అంకెలు వచ్చాయి, తొమ్మిది అవసరం పడలేదు. ఏడాదికోసారి వెనక చెక్క తీసి, లోపలి బుల్లి గరాటుల్లో ఏదో పల్చటి నూనె పోసేవాడు.

ఆ డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లో చెల్లెలు పోయిందని కబురొచ్చి, మొక్కలకి నీళ్ళు పొయ్యమని తాళం అమ్మకిచ్చి బయల్దేరాడు. తిరిగొచ్చాక పాత స్నేహితుడైన డ్రమ్మర్‌తో కలిసి ఇంట్లోనే రికార్డింగ్ ఉంది. కీళ్ళనొప్పులతో వేళ్ళు బిగిసిపోతున్నాయి, ఇదే ఆఖరిదని ముందే చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, ఆర్గన్‌కి నూనె పొయ్యాల్సి ఉంది, సీసా అయిపోయిందని గొణుక్కున్నాడు. ఆ మాట నేను పట్టుకున్నాను. వచ్చేసరికి ఆ పని చేసి పెడితే ఎంత మెచ్చుకుంటాడో అని నా ఆశ.

తెనాలిలో నలభై ఏళ్ళు కుట్టుమిషన్ తొక్కిన అమ్మమ్మని సలహా అడిగాను. "మిషనన్నాక నూనె పడకపోతే ఎట్టా తిరుగుద్దే? ఇదుగో కొబ్బరినూనె, మన గానుగలో ఆడించింది. పోసిరాపో," అంది.

పోసొచ్చాను. అమ్మమ్మ కోసం మా ఇంట్లో హీటర్ ఎప్పుడూ ఎనభై ఫారన్‌హీట్ మీదే ఉండేది కాబట్టి, నూనె గడ్డకట్టే సంగతి మాకు తట్టనేలేదు. ఆయనేమో తన హీటర్ బాగా తగ్గించి వెళ్ళాడు.

రికార్డింగ్ ఆదివారం అనగా శుక్రవారం దిగాడు. కోటైనా విప్పకుండా నన్ను పిలిచి స్విచ్ నొక్కాడు. ఎనిమిది లెక్కపెట్టాను. లోపల మూలుగు తప్ప ఏమీ తిరగలేదు. ఇంకోసారి, అంతే. ఆయన ముఖం పాలిపోయింది. నాకు పారిపోవాలనిపించింది గానీ, గుమ్మంలో అమ్మమ్మ నిలబడి ఉంది.

"చెప్పవే అమ్మలూ. పొయ్యమన్నది నేనేనని కూడా చెప్పు. నాకా ఇంగ్లీషు రాదయ్యె," అంది.

ఏడుస్తూనే చెప్పాను. ఆయన తిట్టలేదు. వెనక చెక్క తీసి, గరాటులో తెల్లగా పేరుకున్న నూనెని వేలితో తీసి వాసన చూశాడు. తర్వాత లేచి హీటర్ చివరిదాకా తిప్పాడు. అమ్మ హెయిర్ డ్రయ్యర్ తెచ్చింది. సాయంత్రానికి ఆ గది మే నెల తెనాలిలా ఉడికిపోయి, గోడలు కూడా కొబ్బరి వాసనేశాయి. మళ్ళీ స్విచ్. ఎనిమిది దాటాను, తొమ్మిది, పది, ఇరవై, నా వెనకాలే ఆయనా వంకర టింకరగా పలుకుతూ, ముప్పై నాలుగు దగ్గర చక్రాలు కదిలాయి. అన్నీ కాదు. రెండు చక్రాలు బిగుసుకునే ఉండిపోయాయి, వాటి రెండు స్వరాలూ ఇక పలకలేదు.

ఆదివారం ఆ రెండూ లేకుండానే వాయించాడు. వాటి దగ్గరికొచ్చినప్పుడల్లా చెయ్యి ఒక్క క్షణం ఆగి, దాటుకుని పోయేది. నేను సోఫాలో తలెత్తలేదు. అయ్యాక వచ్చి నా తల మీద చెయ్యి వేసి, "ముప్పై నాలుగు," అన్నాడు తెలుగులో.

ఇప్పుడు ఆయన లేడు, అమ్మమ్మా లేదు, ఆర్గన్ ఎవరి చేతుల్లో ఉందో తెలీదు. ఆ రికార్డింగ్ ఒక్కటే నా ఫోన్‌లో మిగిలింది. ఆ రెండు స్వరాలతో ఆ పాట ఎలా ఉండేదో వినాలని ఎంతో ఉంటుంది, వినే దారి లేదు. ఇవాళ పాప తలకి నూనె అద్దుతూ అదే పెట్టాను.

"అమ్మా, అక్కడ ఎందుకు స్టాప్ చేశాడు?" అంది.

"అక్కడ మేమున్నాం," అన్నాను, "నేనూ మా అమ్మమ్మా."