నోటికడ్డం కొమ్ము గ్లాసు

అసున్సియోన్ బజారులో నిమియా దగ్గర మందాకులు కొననివాళ్ళు కొందరుంటారేమో గాని, ఆమె సలహా తప్పించుకున్నవాళ్ళు లేరు. పొద్దున్నే రోట్లో పుదీనా, నిమ్మగడ్డి వేసి దంచుతూ కూర్చుంటుంది. ఏ పిల్లయినా కళ్ళు వాచేలా ఏడ్చి వస్తే రోకలి ఆపకుండానే తీర్పు చెప్పేస్తుంది.

"వాడు నీతో అబద్ధమాడట్లేదే పిల్లా. వాడికేం కావాలో వాడికే తెలీదు. ముందు నీకేం కావాలో నువ్వు తేల్చుకో."

మనుషుల్ని చదవడంలో నిమియాను మించినవాళ్ళు లేరని బజారంతా అంటుంది. నిమియా కాదనదు.

ఆ చదువు విల్‌ఫ్రీదో దగ్గర మాత్రం పారలేదు. అతను చెప్పులు కుట్టేవాడు, భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. దుకాణం తెరిచేముందు రోజూ వచ్చి ఆమె ఎదుట పీట మీద కూర్చుంటాడు. ఆమె ఎద్దు కొమ్ముతో చేసిన గ్లాసులో టీ ఆకులాంటి మాతే ఆకు నింపి, దంచిన ఆకులు కలిపిన చల్లటి నీళ్ళు పోసి అందిస్తుంది. ఎందరున్నా ఒకటే గ్లాసు, ఒకటే గొట్టం. వంతు వచ్చినవాడు కబుర్లు పెట్టుకోకుండా పీల్చేసి తిరిగివ్వాలి, పక్కవాడు ఎదురుచూస్తుంటాడు మరి. విల్‌ఫ్రీదో తాగుతాడు, ఆమెను చూస్తాడు, లేచి వెళ్ళిపోతాడు. ఏళ్ళ తరబడి ఇదే తంతు. నిమియాకు ఒళ్ళు మండిపోయేది. ఇష్టమున్న మనిషి నోరు విప్పాలి, లేకపోతే తన ఇంట్లో తాను తాగాలి.

పోయిన వారం అతను ఒక్క ముక్క చెప్పాడు. విల్యారికా అనే ఊళ్ళో ఉన్న అక్క తన దగ్గరే దుకాణం పెట్టుకోమంటోందట, శనివారం బస్సెక్కుతాడట. అంతే. ఆ వారమంతా నిమియా రోటి మీద పగబట్టినట్టు దంచింది. ఉండిపొమ్మని తనే అడగాలా? అన్నీ తనే చెప్పాలా?

శనివారం అతను పనిముట్ల సంచితో వచ్చి కూర్చున్నాడు. పక్కనే చీపా రొట్టెలమ్మే ఒబ్దూలియా తట్ట దించుకుని చోద్యం చూస్తోంది.

"నిమియా గారూ, వెళ్ళేముందు మీకొక మాట..."

"ముందు తాగు. ఎండకి నీళ్ళు వెచ్చబడిపోతాయి."

అతను తాగి గ్లాసు ఇచ్చాడు. "అదే, నేననేది..."

"ఇంకోటి తాగు. విల్యారికాలో ఇలాంటిది పోసేవాళ్ళు దొరుకుతారా ఏంటి?"

అతను మళ్ళీ గొట్టం నోట పెట్టుకున్నాడు. నిమియా ఒబ్దూలియా వైపు తిరిగి, "చూశావా? బెల్లం కొట్టిన రాయి. ఈ మనిషికి దేవుడు నోరెందుకిచ్చాడో," అంది.

ఒబ్దూలియా తట్ట మీది గుడ్డ సర్దింది. "ఆయన నోట్లో గొట్టం పెట్టేది నువ్వే, మాట్లాడడని తిట్టేదీ నువ్వే. చూసీ చూసీ నాకే విసుగొస్తోందే తల్లీ."

నిమియా చెయ్యి కూజా మీద ఆగిపోయింది. చాలాకాలం కిందట ఒక ఆదివారం మొగుడు ఎదుట కూర్చుని, "నీకొక మాట చెప్పాలి," అన్నాడు. చెప్పి, వేరే ఆడమనిషితో బ్వేనోస్ ఐరిస్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏ మగవాడు మాట మొదలుపెట్టినా ఆమె చెయ్యి దానంతటదే నీళ్ళు పోస్తూనే ఉంది. లోకాన్నంతా చదివింది గాని తన చేతిని తాను చూసుకోలేదు. సిగ్గు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది, తన మీద తనకే.

అయినా ఆ చెయ్యి మళ్ళీ కూజా వంచింది. విల్‌ఫ్రీదో గ్లాసు మూతి మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇంక చాలు నిమియా. నన్ను ఉండమంటావా, వెళ్ళమంటావా?"

గారూ లేదు, మీరూ లేదు. ఊరందరికీ జవాబులు పంచిన నోరే అది. ఉండమనాలి, చిన్న మాటే. కానీ అలవాటే ముందు పలికింది.

"బస్సు వేళయిపోతోంది, లే."

అతను లేచాడు. సంచి కోసం వంగాడు. నిమియా ఆ సంచిని తన వైపు లాక్కుని, తన పీట ముందు పడేసి, దాని మీద రెండు కాళ్ళూ పెట్టుకుని కూర్చుంది.

"నాకింతకన్నా చేతకాదు," అంది విసుగ్గా, తల ఎత్తకుండా.