డాల్డా డబ్బాలో కొండచెట్టు

మంగళవారం పొద్దున ఫోన్ మోగింది. "మావశీ, ఆయీ గేలీ" అంది అవతల గొంతు. పిన్నీ, అమ్మ పోయిందని. ఆ అమ్మాయికి దుఃఖంలో మరాఠీయే వస్తుంది. పోయినామె మా పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో, ఉండిన అత్త.

మాది రక్తసంబంధం కాదు. ఎనభైల్లో పాలమూరు నుంచి కామాటిపురలోని వరస గదుల చాల్‌కు కొత్తకోడలిగా వచ్చిన నన్ను, నల్లా దగ్గర లైన్లో తన ముందు నిలబెట్టుకున్న మనిషి ఆమె. భర్త మేస్త్రీ. ఆయన కట్టే చోటే ఈమె ఇసుక జల్లెడ పట్టేది, తట్ట మోసేది.

ఒక చలికాలం ఆయన హిమాచల్ కొండల్లో పనికి వెళ్ళి, పరంజా మీది నుంచి పడి చనిపోయాడు. దహనం కూడా అక్కడే జరిగింది. నెలన్నర తర్వాత తోటి మేస్త్రీ ఒకాయన, పోయినాయన పెట్టె తెచ్చి ఇచ్చాడు. తాపీ, రెండు లుంగీలు, గుడ్డలో చుట్టిన ఒక కాయ. చెక్కతో చెక్కినట్టు ఉంది.

"చీడ్ చెట్టుది వదినే, పైన్ చెట్టంటరు. ఆకులు సూదులోలె ఉంటయ్, ఏడాదంత పచ్చగనే ఉంటది. నీకు చూపిస్తనని దాచిండు" అన్నాడు.

అత్త దాన్ని గూట్లో పెట్టింది. మే నెల ఉక్కకు కాయ పొలుసులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఒకరోజు చూస్తే గూటి నిండా పల్చటి రెక్కలు. పురుగులనుకుని చీపురు అందుకుంది. నేనే ఆపాను. ఒక్కో రెక్క మొదట్లో ఒక గింజ ఉంది.

వానలు మొదలవగానే సగం గింజలు గల్లీ మట్టిలో వేసి, తులసికి పోసినట్టు నీళ్ళు పోసింది. మొలిచాయి. వారం తిరక్కుండా మొదలు నల్లబడి అన్నీ వాలిపోయాయి. పెట్టె వచ్చిన రోజున నా ముందు ఏడవని అత్త, ఆ రోజు ఏడ్చింది. "నేనే నీళ్ళెక్కువ పోసి సంపిన" అంది.

మర్నాడు ఇద్దరం బైకుల్లా వైపు ఒక తోటకు నడిచి వెళ్ళి, అక్కడి ముసలి మాలీని అడిగాం. ఒక రాత్రి నానబెట్టి మునిగిన గింజలే వేయమన్నాడు. ఇసుక ఎక్కువ కలపమన్నాడు. ఆ తోటలో ఉన్న అదే జాతి చెట్టు కింది మట్టి పిడికెడు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు, అది కలిపితేనే వేరు పట్టుకుంటుందట. దారిలో అత్త నవ్వింది. "ఇసుక సంగతి నాకు చెప్తున్నడు సూడు."

దసరా తర్వాత డాల్డా డబ్బాలకు అడుగున చిల్లులు పొడిచి మళ్ళీ వేసింది. మూడో వారంలో ఐదు మొలిచాయి. ఒక్కోదాని నెత్తిన గింజ పెంకు టోపీలాగా ఉంది. తీద్దామని చెయ్యి చాపితే నా వేలి మీద కొట్టింది.

"గుంజకు బిడ్డా. దాని టోపీ అదే ఇడుస్తది."

నా పిల్లల్ని పెంచేటప్పుడు ఈ మాట ఎన్నిసార్లు నన్ను వెనక్కి లాగిందో.

మూడో ఎండాకాలానికి ఒక్కటే మిగిలింది. జానెడు ఎత్తు. గదుల ముందు నడిచే గ్యాలరీలో ఎండ తిరిగినప్పుడల్లా డబ్బా నీడకు జరిపేది. అయినా సూదుల కొసలు పసుపు తిరిగాయి. వేళ్ళు డబ్బాలో సుడి తిరిగిపోతాయని మాలీ అన్నాడు.

"ఈ డబ్బల ఎన్నొద్దులుంటది? మనుషులం గనుక మనముంటం" అంది అత్త.

అదే వారం తోటి మేస్త్రీ మళ్ళీ కొండలకు కూలీలను తీసుకుపోతున్నాడని తెలిసింది. అత్త తన పేరు రాయించుకుంది. కూతురికి అప్పుడు పదేళ్ళు. దాన్ని నా చేతిలో పెట్టి, "జడ గట్టిగ వెయ్యకు, తలనొస్తదంటది" అని మాత్రం చెప్పింది. రైల్లో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఢిల్లీ దాకా కింద పెట్టలేదని తర్వాత విన్నాం.

దీపావళి ముందు తిరిగొచ్చింది. ముఖం ఎండకు నల్లబడింది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని గ్యాలరీలో చెప్పింది. వానలు పడ్డాక, ఆయన పని చేసిన గోడకు పైనున్న కొండ వాలులో నాటిందట. "ఇన్ని చెట్లల్ల ఇదొక్కటెందుకు వదినే" అని మేస్త్రీ అన్నాడట.

"ఏమన్నవత్తా?"

"ఇది మా ఇంట్ల పుట్టిందని చెప్పిన."

తర్వాత ఇదీ చెప్పింది. "వచ్చేటప్పుడు మలుపుకాడ తిరిగి సూసిన. ఏది నాదో కానరాలే. అంత పచ్చగ, ఒక్కతీరుగనే ఉండె."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో బెంగ లేదు. తెచ్చుకున్న గొంగడిని ఒళ్ళో పరిచి, ఉన్నిలో చిక్కుకున్న ఎండు సూదులను ఒక్కొక్కటే ఏరుతోంది. ఏరి, వాసన చూసి, కూతురి అరచేతిలో పెడుతోంది. కింద గల్లీలో టాక్సీలు హారన్లు కొడుతున్నాయి. ఆ పిల్ల పిడికిలి మూయకుండా, కదలకుండా కూర్చుంది.