కళావరు గులాం చూసే దిక్కు

తాండూరు గూడ్సు షెడ్డు ఎదుట, నాపరాతి బండ మీద కూర్చుని పత్తాలు, అంటే పేకముక్కలు, వేసి జోస్యం చెప్పే మైసమ్మ దగ్గర యాభై ఒక్క ముక్కలే ఉండేవి. యాభై రెండో ముక్క ఆమె మొగుడు చెన్నయ్య చేతిలో ఉంది. చెన్నయ్య ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఊళ్లో తప్పిపోయినవన్నీ ఎక్కడున్నాయో చెప్పే మనిషి సొంత మొగుణ్ని పట్టుకోలేకపోయిందే అని నవ్వేవాళ్లు నవ్వుకునేవాళ్లు. నవ్వినవాళ్లే మర్నాడు బర్రె కనబడకపోతే ఆ బండ ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు.

జరిగింది చెబితే నమ్మబుద్ధి కాదు. నలభై ఎనిమిదిలో, సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయిన కొత్తలో, ఒక రోజు చెన్నయ్య గొర్రెలను తోలుకుపోతుంటే వాన పట్టుకుంది. గొర్రెలను తమ్ముడు బీరప్పకు అప్పగించి అతను గూడ్సు షెడ్డు వసారాలోకి పోయి నిలబడ్డాడు. అక్కడ గూడ్సు గుమాస్తా పాండురంగం, హమాలీ యోబు, ఇంకొకాయన పత్తాలాట వేసుకుని నాలుగో మనిషి కోసం చూస్తున్నారు. చెన్నయ్యకు ఆట రాదు. ముక్కలు పట్టుకుని కూర్చుంటే చాలన్నారు, పట్టుకుని కూర్చున్నాడు. అంతలో ఒక మిలిటరీ లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. నలుగురూ నాలుగు దిక్కులకు పరుగు లంకించుకున్నారు. ఏ నేరమూ చేయని నలుగురు అంత జోరుగా ఉరకడం ఆ స్టేషన్‌లో అంతకు ముందు ఎవరూ చూడలేదు. సిపాయిలు దిగి, నల్లా దగ్గర నీళ్లు తాగి, సీసాలు నింపుకుని వెళ్లిపోయారు.

పొద్దుగూకేసరికి ముగ్గురు సిగ్గుపడుతూ తిరిగి వచ్చారు. చెన్నయ్య రాలేదు. అప్పుడు స్టేషన్‌లో రెండు బండ్లు నిలబడి ఉన్నాయి, ఒకటి వాడీ వైపు పోయేది, ఒకటి వికారాబాద్ వైపు పోయేది. అతను ఏది ఎక్కాడో చూసినవాళ్లు లేరు. ఎవరి పరుగు వాళ్లకే సరిపోయింది.

మొగుణ్ని వెతుక్కుంటూ వచ్చిన మైసమ్మకు వానలో చెదిరిపోయిన పత్తాలు కనబడ్డాయి. ఏం చేయాలో తోచక వాటిని ఏరి, కొంగుతో తుడిచి పెట్టింది. పాండురంగం లెక్కబెడితే యాభై ఒకటే వచ్చాయి. కళావరు గులాం లేదు.

"ముక్క పట్టుకొనే ఉరికిండమ్మా," అన్నాడు పాండురంగం. ఆటకు పిలిచిన పాపం తనదే కాబట్టి ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. "ఇవి నీ తాన్నే ఉంచుకో. నీ పెనిమిటి ఆ ముక్క తెచ్చిననాడు నాయి నాకిద్దువు గాని."

అట్లా మొదలైంది. రాత్రింబవళ్లు ఆ బొమ్మలను చూసి చూసి ఆమెకు వాటితో చుట్టరికం కలిసింది. అంకెల ముక్కలకు ఆమె పెద్దగా విలువ ఇవ్వలేదు. బొమ్మ పడితేనే మనిషి. రాజు అంటే ఇంట్లో మాట చెల్లే మనిషి. రాణి అంటే రాజు చేత ఆ మాట అనిపించే మనిషి. గులాం అంటే ఇంట్లో లేని మనిషి. ఆ కట్టలో గులాములు ముగ్గురూ ఎడమ దిక్కుకే మొహం పెట్టి ఉన్నారు. మైసమ్మ ఉత్తరం వైపు తిరిగి కూర్చునేది కాబట్టి ఎడమ అంటే పడమర. అంటే వాడీ దిక్కు. గులాం ఎటు చూస్తున్నాడో అటే పోయినట్టని ఆమె తేల్చింది. ఆ వారమే ఎవరిదో మేక తప్పిపోతే పడమటికి పొమ్మంది. మేక బషీరాబాద్ తోవలో దొరికింది. మేకకు మేత అటే ఉందన్న సంగతి ఎవరూ ఆలోచించలేదు. మైసమ్మకు పేరు వచ్చేసింది.

ఇక తాండూరులో ఏది పోయినా బషీరాబాద్‌కే పరుగు. ఒక్కోసారి అక్కడ తప్పిపోయిన పశువుల కన్నా వెతకబోయిన మనుషులే ఎక్కువ ఉండేవాళ్లు. మైసమ్మ కూడా ఏటేటా కోతలు అయ్యాక పడమటికి బయలుదేరేది. బషీరాబాద్ దాటాక కన్నడం మాట్లాడతారు గనక, ఆ భాషలో ఒక్క మాట నేర్చుకుంది. "నన్న గండన్న నోడిదిరా?" అని ఇంటింటికీ పోయి అడిగేది. నా మొగుణ్ని చూశారా అని. వాళ్లేం జవాబు చెప్పినా ఆమెకు అర్థమయ్యేది కాదు. తల అడ్డంగా ఊపడం మాత్రం ఏ భాషలోనైనా ఒకటే కాబట్టి తిరిగి వచ్చేది.

బడిపంతులు చంద్రశేఖర్ ఒకసారి ఆమెను తప్పుపట్టాడు. దేశంలో రాజులు పోయారు, నీ కట్టలోంచీ తీసేయమన్నాడు.

"తీసేస్త సారు. మరి రాణులను ఎవరింట్ల ఉంచుదాం? మీ ఇంట్ల జాగ ఉన్నదా?" అంది మైసమ్మ.

ఆమె పేరు మారుమోగింది మాత్రం యాభై తొమ్మిదిలో, పంచాయతీ ఎన్నికలప్పుడు. పోటీకి దిగిన పెద్ద భూస్వామి బాల్‌రాజ్ పటేలు వచ్చి ఎవరు గెలుస్తారని అడిగాడు. ఆఠీన్ రాజు పడ్డాడు. నలుగురు రాజుల్లో ఆయనొక్కడికే మీసం లేదు. "మీసం లేని మనిషి," అంది మైసమ్మ. పటేలు మీసం నిమ్మకాయ నిలబెట్టేంత ఉండేది. మర్నాడు పొద్దున్నే దాన్ని గొరిగించుకుని, పై పెదవి మీద తెల్లని పట్టీతో వచ్చి బండ ముందు నిలబడ్డాడు.

"ఇప్పుడు సూడు," అన్నాడు.

"గొరిగితే అయితదా పటేలా? బొమ్మ పుట్టుకతోనే గట్ల ఉన్నది. బొమ్మకు మీసం రాదు, పోదు. మనిషి కూడ గట్లనే ఉండాలె," అంది.

పటేలు ఓడిపోయాడు. గెలిచిన ఎంకయ్యకు ఇంత మీసం ఉంది. మైసమ్మ పని అయిపోయిందనుకున్నారు అందరూ. ప్రమాణం చేసే రోజుకు రెండు రోజుల ముందు ఎంకయ్య తండ్రి కాలం చేశాడు. తలకొరివి పెట్టిన కొడుకు నున్నగా గొరిగించుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జనం దండం పెట్టారు, ఎంకయ్యకు కాదు, మైసమ్మకు. పటేలు మాత్రం ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. బొమ్మకు మీసం రాదు, పోదు.

అరవైలో పన్నెండేళ్లు నిండాయి. పన్నెండేళ్లు జాడ లేని మనిషిని పోయినట్టే లెక్కగట్టి కర్మ చేయాలని కులపెద్దలు తీర్మానించారు. గడ్డితో మనిషిని చేసి కాగ్నా ఒడ్డున కాలుస్తారు, ఆమె గాజులు పగలగొడతారు. అవి చెన్నయ్య కొడంగల్ సంతలో కొని తెచ్చిన గాజులేమీ కావు, అవెప్పుడో పగిలిపోయాయి. అయినా ఏటా కొత్తవి వేసుకుంటూ వచ్చింది. ఆ చప్పుడు చేతికి ఉన్నంత కాలం తన మొగుడు ఎక్కడో ఒకచోట అన్నం తింటున్నాడని ఆమె నమ్మకం.

"ముక్క ఇంక రాలేదు బీరప్పా. ముక్క రానిది మనిషి పోయిండని ఎట్లంటవ్?" అని మరిదితో వాదించింది.

"నీ మాట ఊరంత ఇంటది వదినె, కులం ఇంటదా?" అన్నాడు బీరప్ప. అతనికీ కష్టంగానే ఉంది. పెద్దలు ముహూర్తం పెట్టేశారు.

ఆ రోజు పొద్దున కాగ్నా ఒడ్డున గడ్డి మనిషిని పడుకోబెట్టారు. మైసమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, దీనికి మొహమే లేదు, ఎటు చూస్తున్నట్టని అడిగింది. ఒక పక్క మంగలి నర్సింహులు బీరప్పకు మీసం తీస్తున్నాడు. ఇంకో పక్క ముసలి మొగులమ్మ గాజులు పగలగొట్టడానికి నున్నని రాయి ఏరుకుంటోంది. మైసమ్మ చేతులు రెండూ కొంగు కింద దాచుకుని కూర్చుంది.

అప్పుడే ఒక బట్టతల మనిషి, బొజ్జ, గుబురు మీసం, చంకలో చిన్న మూట, జనంలోకి దూరి యోబు పక్కన నిలబడ్డాడు.

"అయిపోయిందా?" అని మెల్లగా అడిగాడు.

"ఏంది?"

"నా కర్మ."

యోబు అతన్ని పైనుంచి కిందికి చూసి, కాళ్ల దగ్గర ఆగాడు. నేల మీద ఎక్కువ బరువు వేస్తే ఎవరికో నొప్పి అన్నట్టు మడమలు ఎత్తి నిలబడే అలవాటు తాండూరులో ఒక్క చెన్నయ్యకే ఉండేది. యోబు గట్టిగా పిలిచాడు. నర్సింహులు కత్తి ఆగిపోయింది. బీరప్ప సగం మీసంతో లేచి వచ్చి అన్నను పట్టుకుని ఏడ్చాడు.

"ఆగుండ్రి," అన్నాడు బాల్‌రాజ్ పటేలు. ఏడాదిగా ఈ క్షణం కోసమే కాచుకున్నట్టుంది ఆయన. "చెన్నయ్యకు మీసం ఉండెనా? లేకుండె. చెన్నయ్య ఏ బొమ్మ? గులాం. గులాంకు మీసం ఉన్నదా? లేదు. బొమ్మకు మీసం రాదు, పోదు, మనిషి గట్లనే ఉండాలె అని చెప్పింది ఎవరు? చెప్పు మైసమ్మా, గీయన నీ మొగడేనా?"

ఆ మడమలను మైసమ్మ యోబు కన్నా ముందే చూసింది. ఆమెకు తెలుసు. ఔనంటే పన్నెండేళ్లు బండ మీద కూర్చుని చెప్పిన మాట ఏట్లో కలుస్తుంది. కాదంటే గాజులు పోతాయి, మనిషి పోతాడు.

చెన్నయ్య మూట విప్పాడు. నూనె కాగితం మడతల్లోంచి ఒక ముక్క తీసి, రెండు చేతులతో పాండురంగానికి ఇవ్వబోయాడు. "మీ ముక్క సారు. పారేద్దామంటె మంది సొత్తాయె," అన్నాడు. పాండురంగం దాన్ని తాకలేదు. మైసమ్మ తీసుకుంది. కళావరు గులాం. వెనక అదే నీలం తీగల అల్లిక.

"మీసం మొలుస్తది పటేలా," అంది ఆమె. "ముక్కకు మొలవది, మనిషికి మొలుస్తది. నీకు నేను చెప్పింది తప్పే."

"అంటే అప్పుడు నేను రాజునే కదా?" అన్నాడు పటేలు.

"రాజువే. ఓడిపోయిన రాజువు."

పటేలు ఆ మాత్రానికే సంతోషించి వెనక్కి జరిగాడు. మైసమ్మ మొగుడి వైపు తిరిగింది.

"ఏడున్నవ్?"

"వికారాబాద్ల."

గంటన్నర బండి. రోజూ నాలుగు బండ్లు. చెన్నయ్య మెల్లమెల్లగా చెప్పాడు. ఆనాడు బండిలో ఎవరో పెద్దమనిషి, రాజు మనుషులను ఏరి ఏరి పట్టుకుంటున్నారని అన్నాడట. తన చేతిలో చూస్తే కత్తి పట్టుకున్న రాజు మనిషి. ఇంక దొరికిపోయినట్టే అని వికారాబాద్‌లో దిగి, స్టేషన్ పక్క హోటల్లో కప్పులు కడగడానికి కుదిరాడు. తాండూరు నుంచి బండి వస్తే వంటింట్లోకి దూరేవాడు. మొన్న ఎవరో తన కర్మ చేస్తున్నారని చెబితే, చచ్చినవాడి మీద కేసు ఉండదు కదా అని ధైర్యం వచ్చి బయలుదేరాడు.

"కేసే లేదు రా," అన్నాడు యోబు. "వాళ్లు నీళ్లకొచ్చిండ్రు."

"నేను ఆ హోటల్ల పదిసార్లు చాయ్ తాగిన," అన్నాడు పాండురంగం, తనలో తాను.

మైసమ్మకు కోపం ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది. "పన్నెండేండ్లు నేను పడమటికి తిరిగిన. కన్నడం నేర్చిన. నువ్వు తూర్పున కప్పులు కడుగుతున్నవా? గీ గులాం పడమటికి చూస్తుండె, నువ్వు తూర్పుకెందుకు పోయినవ్?"

చెన్నయ్య తల దించుకున్నాడు. "తూర్పునే ఉన్న. మరి బండి గిటు పోయేటప్పుడు బయటికొచ్చి నిలబడుదు. ఎనక దీపం కనబడకుండ అయ్యేదాంక గీ దిక్కే సూస్తుంటి."

మైసమ్మ ఉత్తరానికి తిరిగి, ముక్కను ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూసింది. గులాం ఎడమ దిక్కుకే చూస్తున్నాడు. పన్నెండేళ్లు ఆమె దాన్ని పోయిన దిక్కు అనుకుంది. అది విడిచిపెట్టి వచ్చిన దిక్కు. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"అంటే నా బర్రె తూర్పుకు పోయినట్టా?" అని వెనక నుంచి పద్మమ్మ అడిగింది. ఆ బర్రె తప్పిపోయి ఆరేళ్లు.

మైసమ్మ కళ్లు తుడుచుకుని, నడుముకు కట్టుకున్న పత్తాల సంచి విప్పి పాండురంగం చేతిలో పెట్టింది. "యాభై ఒకటి నీయి సారు. గిదొక్కటి నాది." పాండురంగం సరే అన్నట్టు తలూపాడు.

మొగులమ్మ ఏరిన రాయిని ఏట్లోకి విసిరేసింది. నర్సింహులు బీరప్పను కూర్చోబెట్టి, మిగిలిన సగం మీసం ఏం చేద్దామని అడుగుతున్నాడు. చెన్నయ్య మాత్రం ఎవరికీ మొహం చూపలేక, గడ్డి మనిషి పక్కన, ఏటి వైపు తిరిగి కూర్చుండిపోయాడు.

మైసమ్మ వెళ్లి అతని పక్కన కూర్చుంది. గాజులు చప్పుడు చేశాయి.

"ఇటు మొహం పెట్టి కూసో," అంది.