లక్ష్మివారం నాటి కునుకు

విమానం దిగాక పగలు పడుకోకూడదు. ఈ మాట మా ఆఫీసులో చెప్పనివాళ్లు లేరు. ఎక్కగానే వాచీ దిగబోయే ఊరి టైముకి తిప్పుకో, కాఫీ మానెయ్, నీళ్లు తాగు, దిగాక ఎండలో నడువు. అన్నీ చేశాను. ఒంటికి బుద్ధి రావాలిగా! పని మీద అమెరికా వెళ్లొచ్చిన ప్రతిసారీ అదే గోల. కోల్‌కతాలో పట్టపగలు నాకు నిలబడ్డచోటే నిద్ర.

ఆ డిసెంబరులో న్యూ టౌన్‌లోని నా ఫ్లాటుకి పోకుండా, ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా నది అవతల లిలువాలో అమ్మ దగ్గరికి వెళ్లాను. మర్నాడు అమ్మకి గుండె ఆపరేషన్. నేను దిగిన రోజేమో మార్గశిరంలో ఆఖరి గురువారం, మావాళ్ల మాటలో లక్ష్మివారం. శ్రీకాకుళం వదిలొచ్చి ఇన్నేళ్లయినా అమ్మ ఆ పూజ ఒక్క ఏడూ తప్పలేదు. ఈసారి మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. కాబట్టి పీట మీద నేను కూర్చోవాలి. కూర్చున్న మనిషి ఆ రోజు తల దువ్వుకోకూడదు, ఎవరినీ తిట్టకూడదు, పొద్దుగూకి దీపం పెట్టేదాకా కునుకు తీయకూడదు. తీస్తే వ్రతం చెడినట్టే.

"ఈ ఒక్క వారం సక్కగా గడిసిపోతే సాలు. రేపు కత్తి కిందకెల్లినా నాకు బయం నేదు," అంది అమ్మ.

నేను నవ్వలేదు. నాకూ భయంగానే ఉంది.

బూరెలు వండాను. తెలుగు కూడబలుక్కుంటూ కథ చదివి అక్షింతలు వేసుకున్నాను. ఆసుపత్రిలో గది సంగతి చూడ్డానికి నాన్న వెళ్లాడు. మధ్యాహ్నానికి మొదలయ్యాయి నా తిప్పలు. మొహాన చన్నీళ్లు కొట్టుకున్నాను, డాబా మీద ఎండలో పచార్లు చేశాను. పక్కింటి బెంగాలీ కాకిమా, అంటే పిన్నిగారు, చూసింది. వాళ్లకీ గురువారం లక్ష్మీపూజే. పడుకోవద్దు సుమా అని హెచ్చరించి పోయింది. ఆవిడకేం, హాయిగా రాత్రంతా పడుకుని లేచిన మొహం! తిట్టకూడదన్న నియమం అక్కడే చెడింది, మనసులోనే అనుకోండి.

కిందికొచ్చి అమ్మ మంచం పక్కన చాప వేసుకుని కూర్చున్నాను. నన్ను మెలకువగా ఉంచడానికి అమ్మ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. బూరెల్లో బెల్లం తక్కువైందట. పూర్ణం ఇంకాస్త ఉడకాలట. సగం విన్నాను. మిగతా సగం తెలియదు.

లేచేసరికి గదిలో వెలుతురు పలచబడింది. నా మీద అమ్మ శాలువా ఉంది, తల కింద అమ్మ దిండు ఉంది. అమ్మ మంచం మీద లేదు. నేల మీద, నా తల దగ్గర, గోడకి ఆనుకుని కూర్చుని కొంగుతో దోమలు తోలుతోంది.

ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. ఎందుకు లేపలేదని, నువ్వడిగింది ఈ ఒక్క వారమే కదా, అదీ పాడు చేశానని, మంచం ఎందుకు దిగావని అరిచాను.

"లేపుదావనే దిగినాను. నీ మొకం సూసి సెయ్యి రానేదు," అంది అమ్మ. "ఊరుకోయే. ఆ తల్లికి తెల్దేటి?"

దీపం పెట్టాక కాకిమా ప్రసాదానికి వచ్చింది. అమ్మాయి పడుకోలేదు కదా అని అడిగింది. పూజ రోజున అబద్ధం నాలిక మీదికి రానివ్వని అమ్మ, ఆ దీపం ముందే, రెప్ప వేయలేదని బెంగాలీలో చెప్పింది. నేను తల వంచుకుని బూరెలు పెట్టిచ్చాను.

ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాం. మర్నాడు పొద్దున్న స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి. భయం లేదన్న మనిషికి భయమేస్తోంది.

"ఈపాలి నాను పడుకుంతాను," అంది. "నువ్వు మేలుకోయే."

బయట బల్ల మీద పగలంతా కూర్చున్నాను. ఆఫీసువాళ్ల చిట్కా ఒక్కటీ అక్కర్లేకపోయింది. అమ్మ కళ్లు తెరిచిందని నర్సు వచ్చి చెప్పేదాకా నాకు ఆవులింత కూడా రాలేదు.