ఏ ఒడ్డు పిల్ల

మాది ఎదుర్లంక. వంతెన దాటితే యానాం. ఇటు ఆంధ్ర, అటు పుదుచ్చేరి. మధ్యలో ఉన్నది గోదావరి పాయ ఒక్కటే. యానాంలో బడి బాగుంటుందని, మా అమ్మాయిని ఆరో తరగతిలో చేర్చేటప్పుడు దాని ఆధార్‌ని అక్కడున్న మా తమ్ముడి ఇంటి చిరునామాకు మార్పించాను. రోజూ సైకిల్ మీద వెళ్ళి వచ్చేది. నా తెలివికి నేనే మురిసిపోయాను. అతి తెలివి అని అప్పుడెవరూ అనలేదు. అన్నా వినేదాన్ని కాదు.

ఇంటర్ అయ్యాక నర్సింగ్ సీటు దగ్గర దొరికిపోయాను. స్థానికురాలైతేనే ప్రభుత్వ ఫీజు. కాకపోతే బయటివాళ్ళ ఫీజు, అది కట్టడం మా తరం కాదు. మా మండలాఫీసులో గుమాస్తా కాగితాలు తిరగేసి, "చదువంతా యానాంలోనేనండి. ఆధారూ అక్కడిదే. ఇక్కడి లోకల్ అని ఎలా రాయమంటారండి?" అన్నాడు. పుట్టాక ఒక్క రాత్రయినా అవతల పడుకోని పిల్ల! కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. చేసింది నేనే అయితే ఎవరి మీద చూపించను?

ఇక మిగిలింది యానాం. అక్కడ నివాస ధ్రువపత్రానికి అర్జీ పెట్టాం. విచారణకు ఆఫీసరుగారు వస్తున్నారంటే పొద్దున్నే పిల్లను తీసుకెళ్ళి తమ్ముడింట్లో కూర్చోబెట్టాను. "ఇక్కడే ఉంటున్నానండీ అని చెప్పవే, చాలు" అని బతిమాలాను. అబద్ధమాడటం దానికి రాదు. అయినా ఆయన అడగ్గానే తడుముకోకుండా చెప్పింది.

ఆయన రాసుకుని, "కాసిని మంచినీళ్ళు ఇవ్వమ్మా" అన్నారు.

పిల్ల వంటింట్లోకి వెళ్ళింది. ఒక అలమార తలుపు చప్పుడైంది, తర్వాత ఇంకోటి. గ్లాసులెక్కడుంటాయో దానికి తెలియదు. మా మరదలు లేవబోతే ఆయన చేత్తోనే ఆపారు.

చివరికి చెంబుతో తెచ్చింది. ఆయన తాగి, ఫైలు మూసి లేచారు. వీధిలోకి వెంటపడి వెళ్ళాను. "తప్పు నాదండి, పిల్లది కాదండి. దాని చదువు పోగొట్టకండి బాబూ!" అని సిగ్గు విడిచి కాళ్ళ మీద పడబోయాను.

"లెండమ్మా. ఇక్కడ ఉండని పిల్ల ఉంటోందని నేనెలా రాస్తాను?" అన్నారు. ఆ మాటలో చిరాకు కూడా లేదు.

రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. నేనైతే పరవాలేదు, నా కూతుర్ని చేశాను. లోపలికి వచ్చేసరికి అది వంటింటి గడప మీద కూర్చుని వెక్కుతోంది.

"నాదే తప్పమ్మా. గ్లాసులెక్కడున్నాయో ముందే చూసుకోవాల్సింది" అంది.