సీలు వేసిన శుభవార్త

ఒక తాతకు మనవరాలు పుట్టిన కబురు అందకుండా, చట్టప్రకారం, సాక్షి సంతకాలతో సహా ఆపిన ఘనత గుంటూరు జిల్లాలో ఎవరికైనా ఉందంటే అది నాకే. మెడల్ ఇంకా రాలేదు.

అప్పటికి నేను కొత్త ఎస్సైని. సైబర్ నేరాల దర్యాప్తు మీద మాకు శిక్షణ పెట్టారు. అందులో గట్టెక్కితే సైబర్ విభాగంలో ఏసీ గది, లేదంటే మళ్లీ తిరునాళ్ల బందోబస్తులో ఊరేగే ప్రభల వెనక పరుగు. అందుకే మా ట్రైనర్ రమణ సార్ చెప్పిన ప్రతి ముక్కా బుర్రకెక్కించుకున్నాను.

చివరి రోజు పరీక్ష. ఊరి బయట ఓ మిర్చి కోల్డ్ స్టోరేజీ వాళ్లను అడిగి, పై అంతస్తులో ఒక గది తీసుకున్నారు. అందులో ఆన్‌లైన్ మోసగాడి వేషంలో ఒకాయన ఉంటాడు. అతని ఫోను స్వాధీనం చేసుకోవాలి.

"మెట్లెక్కగానే ఎడమచేతి గది," అన్నారు సార్. "ఫోను దొరకగానే సిగ్నల్ అందని సంచిలో వేసి సీలెయ్యండి. లేకపోతే అతని మనుషులు దూరాన్నుంచే అందులోదంతా చెరిపేస్తారు. అతను ఏడుస్తాడు, ఆస్పత్రి అంటాడు, నమ్మొద్దు. చివరికి నేనే వచ్చి వదిలెయ్యమన్నా వదలొద్దు."

నేను వెళ్లేసరికి ముందు మెట్ల దగ్గర మిర్చి బస్తాలు దింపుతున్నారు. ఆ ఘాటుకి ఒకటే తుమ్ములు. ముక్కు పట్టుకుని చుట్టూ తిరిగి వెనక మెట్లెక్కాను. వెనకనుంచి ఎక్కితే ఎడమ వేరే గది అవుతుందని ఆ తుమ్ముల్లో ఎవరికి తడుతుంది, మీరే చెప్పండి.

తలుపు తోశాను. ఓ పెద్దాయన ఫోను వంకే చూస్తూ చెమటలు కక్కుతున్నారు. అచ్చం నేరగాడే అనుకున్నాను.

"పోలీసు. ఫోనివ్వండి."

"ఎందుకమ్మా? నేనిక్కడ మేనేజర్ని. కోటేశ్వరరావంటారు."

"పేరు కూడా బాగా పెట్టారు," అంటూ ఫోను లాక్కుని సంచిలో వేశాను.

ఆయన లేచి నిలబడ్డారు. "అమ్మా, మా అమ్మాయిని కాన్పు గదిలోకి తీసకపోయారు. ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఫోనొస్తది. నీ కాళ్లు పట్టుకుంటా."

కళ్లలో నీళ్లు. ఏం నటన అనుకుని మనసులోనే చప్పట్లు కొట్టాను. అక్కడున్న ఇద్దరు గుమాస్తాల చేత సాక్షి సంతకాలు పెట్టించి, సంచికి సీలు వేశాను. వాళ్లు సంతకాలు పెడుతూ నన్ను చూసి వణికారు. వాళ్లదీ మంచి నటనే.

నేనెంతకీ రావట్లేదని వెతుక్కుంటూ రమణ సార్ వచ్చారు.

"ఎస్తేరమ్మా, ఇదేంటి? ఆయన నిజంగా మేనేజరు. ఫోనిచ్చెయ్."

"ఇవ్వను సార్. మీరొచ్చి అడిగినా ఇవ్వొద్దన్నారు."

"అన్నాను. అది పరీక్ష కోసం. ఇది నిజం."

"పరీక్ష పెట్టినవాళ్లెవరైనా ఇది పరీక్ష అని ఒప్పుకుంటారా సార్?"

కోటేశ్వరరావుగారు సార్ వంక, నా వంక మార్చి మార్చి చూశారు. "ఇంతకీ మీ ఇద్దరిలో పోలీసెవరు సార్?" అనడిగారు. ఆ క్షణాన నాకూ కాస్త అనుమానమొచ్చింది.

అంతలో ఓ కుర్రాడు హెల్మెట్టుతోనే లోపలికి ఉరికాడు. "మావయ్యా, ఎన్నిసార్లు చేసినా ఫోను కలవదేంటి? ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు."

పెద్దాయన కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. నేను సార్ చెవిలో, "అల్లుడి వేషానికి ఎవర్ని పెట్టారు సార్? ఇరగదీస్తున్నాడు," అన్నాను.

సార్ జవాబు చెప్పేలోగా ఎదురు గది తలుపు తెరుచుకుంది. మెడలో గిల్టు గొలుసు, నల్ల కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన తల బయటపెట్టాడు.

"సార్, పొద్దుట్నుంచీ కూర్చున్నా. నన్నెవరూ అరెస్టు చెయ్యరా? ఆకలేస్తంది."

అసలు మోసగాడు ఈయనన్నమాట. గబగబా సీలు చింపి ఫోనిచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్నల్ అందగానే పాప ఫొటో వచ్చింది. ఆయన కళ్లు తుడుచుకుని ఫోను నావైపు తిప్పారు.

"చూడమ్మా. మా ముక్కే."

నాకు ఏడుపొచ్చింది. మిర్చి ఘాటని చెప్పాను.

సాయంత్రం సార్ నా పేరెదురుగా రాసింది ఇదీ: "దర్యాప్తు నిర్దుష్టం. నేరం జరిగిన గదిలో చేసి ఉంటే ఇంకా బాగుండేది."

ఆ ఏడు తిరునాళ్లలో మళ్లీ ప్రభల వెనక పరిగెడుతూనే ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఎవరి కన్నీళ్లనైనా అనుమానిస్తాను గానీ, ముందు తలుపు మీద బోర్డు చదివి.